చావు మాట ఎత్తకుండా పాలసీలు అమ్మాను

నాకు కుళ్ళు ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

ముప్పై ఏళ్ళకు పైగా నాచారం, ఉప్పల్ గల్లీల్లో తిరిగి ఇన్సూరెన్సు పాలసీలు అమ్మాను. చదివింది పదో తరగతి. జనం పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి ఏజెంటమ్మ అన్నారు. ఇప్పుడు మోకాళ్ళు పని చెయ్యక ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు అప్పుడప్పుడు వచ్చి "అమ్మమ్మా, టార్గెట్ ఎట్ల కొట్టినవ్?" అని అడుగుతారు. టార్గెట్ల సంగతి మీ ఆఫీసువాళ్ళు చెప్తారు. నాకిచ్చిన షీల్డులు బీరువా మీద ఉన్నాయి, దుమ్ము దులిపే ఓపిక ఉంటే వచ్చి చూసుకోండి.

నేను చెప్పేది ఒక ఇంటి గురించి. రాజమణి అనే మనిషి ఇరవై రెండేళ్ళు నా కస్టమరు. అన్నోజిగూడ దగ్గర ఆమెకు నూరు గజాల జాగ ఉండేది. నా కుళ్ళు వల్ల అది పోయింది. ఎట్ల పోయిందో మీకు తెలియాలంటే ఈ పని అప్పుడెట్ల ఉండేదో, తర్వాత ఎట్ల మారిందో ముందు చెప్పాలి.

మొదటి గడప

మా ఆయన నాచారంలో దారం మిల్లులో పని చేసేవాడు. మేమున్న చోట వరుసగా ఎనిమిది గదులు, అందరికీ కలిపి ఒక నల్లా. పక్క గదిలో సరళమ్మ ఏజెంటు పని చేసి కుట్టుమిషను కొన్నది. ఆమె కొన్నదని నేనూ చేరాను. నా ఉద్యోగానికి మూలం అదే. సంఘసేవ, ఆడవాళ్ళ అభివృద్ధి అని ఫంక్షన్లలో నా గురించి చెప్పినవన్నీ అబద్ధాలు.

మా ఆఫీసరు కోటేశ్వర్రావు సారు గుంటూరు వైపు మనిషి. ఆయన ట్రైనింగులో ఒక వాక్యం బట్టీ పట్టించాడు. అది పట్టుకుని నేను వెళ్ళిన మొదటి ఇల్లు మల్లాపూర్ దారిలో ఉండేది. కోడలు బియ్యం ఏరుతోంది. అత్త పక్కనే ఉంది. నేను చేతులు కట్టుకుని నిలబడి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, "అమ్మా, రేపు మీ ఆయన చనిపోతే మీ పరిస్థితి ఏమిటి?" అన్నాను.

అత్త లేచింది. "నా కొడుకు గిప్పుడే అన్నం తిని డ్యూటీకి పోయిండు. నీ నోట్ల మన్ను వడ! నడువ్ బయటికి!"

నేను వాకిలి దాటకముందే నా వెనకాల గడప మీద పసుపు నీళ్ళు చల్లింది. ఆ చుక్కలు నా చీర అంచు మీద పడ్డాయి. రెండుసార్లు ఉతికినా పోలేదు.

సారుకు చెప్తే పడీ పడీ నవ్వాడు. "ఏమ్మా, పాలసీ అమ్మడానికి వెళ్ళావా, పాడె కట్టడానికి వెళ్ళావా? అది పరీక్ష కోసం చెప్పింది తల్లీ. పిల్ల పెళ్ళి అను, చదువు అను, ఇల్లు అను. ఆ మాట మాత్రం గుమ్మంలోపల అనకు."

"మరి పాలసీ ఉన్నదే దానికి గద సార్?"

"అది నాకు తెలుసు, నీకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. నోటితో అనకపోతే చాలు."

మంచి మనిషే, కానీ ఈ సలహా తప్పని ఇప్పుడు అంటాను. అప్పుడు మాత్రం అది నాకు అన్నం పెట్టింది. నేనే ఒక మాట కల్పించుకున్నాను. "అన్నకు ఎప్పుడన్న దూరం డ్యూటీ పడిందనుకో అక్కా, నీ చేతికి ఇంత వస్తది" అనేదాన్ని. ఫ్యాక్టరీ ఇళ్ళు కదా, డ్యూటీ అంటే అందరికీ తెలుసు. ఆడవాళ్ళు చప్పున పుస్తెలు తీసి కళ్ళకద్దుకునేవాళ్ళు. అద్దుకున్నారంటే అర్థమైనట్టు. ఇక కాగితం తీసేదాన్ని.

నల్లా దగ్గర

రెండో విద్య ఎవరూ నేర్పలేదు. కుళ్ళు మనిషి చేత ఏం చేయిస్తుందో నాకు బాగా తెలుసు, కాబట్టి దాన్నే పనికి పెట్టాను. నల్లా వచ్చే వేళకు వెళ్ళేదాన్ని. ఆడవాళ్ళంతా బిందెలు పెట్టుకుని నిలబడి ఉంటారు. అందరి ముందర, కొత్తగా పాలసీ కట్టిన యాదమ్మ ఒక్కదానికే బాండు కాగితం చేతికిచ్చి, ఇంకెవరి మొహం చూడకుండా వచ్చేసేదాన్ని.

"ఏందది యాదమ్మా?"

"ఏం లేదు, పిల్ల పేరు మీద కట్టుకున్న."

సాయంత్రానికల్లా నాలుగిళ్ళ నుంచి కబురు వచ్చేది. అట్ల వచ్చిన వాళ్ళలో రాజమణి ఒకతె. చీరలకు ఫాల్ కుట్టి బతికేది. భర్త మల్లేశ్ ఫ్యాక్టరీలో మిషను మీద ఉండేవాడు. నేను కూర్చోకముందే ఆమె, "అక్కా, యాదమ్మకన్న వంద ఎక్కువ రాయి. ఎంతనో నాకు చెప్పకు, ఎక్కువ రాయి, అంతే" అన్నది. నవ్వు ఆపుకోలేకపోయాను. నా రకం మనిషే అనుకున్నాను.

ఆనాటి నుంచి ఆమె ఇంట్లో నాకొక పీట. నెలనెలా వెళ్ళేదాన్ని. కొడుకు నరేష్ నడక నేర్చింది నా ముందరే. పదిహేనేళ్ళకు పాలసీ డబ్బు చేతికొస్తే, ఫాల్ కుట్టి దాచుకున్నది దానికి కలిపి అన్నోజిగూడ జాగ కొన్నారు. రిజిస్ట్రేషన్ రోజు నన్ను కూడా తీసుకుపోయారు. ఎండలో నాలుగు రాళ్ళ మధ్య నిలబడి రాజమణి, "ఇది నీ జాగనే అక్కా" అన్నది. నేను అమ్మిన వందల పాలసీల్లో కంటికి కనిపించేది అదొక్కటే. ఘట్‌కేసర్ వైపు ఎప్పుడు పోయినా బస్సు కిటికీలోంచి అటు చూసేదాన్ని.

ముసుగు మాటకు అయిన ఖర్చు

ఒక తప్పు దాచను. చిలుకానగర్‌లో అంజమ్మ అని ఉండేది. భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఏడాది నేను మా బిడ్డ కాన్పుకని ఊరు పోయి, ఆనక నా ఒంట్లో బాగాలేక, ఆ గల్లీకి చాలా నెలలు పోలేదు. పోయేసరికి ఆమె రేకుల కార్ఖానాలో పనికి చేరింది. పిల్లను బడి మాన్పించింది.

"పాలసీ పైసలు తీసుకోలేదా?" అన్నాను.

"అది పిల్ల లగ్గానికి గదక్కా? పిల్ల ఇంకా చిన్నది. పెట్టెల దాసిన."

"దూరం డ్యూటీ పడితే వస్తయని చెప్పిన గదా!"

"నిజంగనే ఎటన్న బదిలీ చేస్తరేమో అనుకున్న."

ఆఫీసు చుట్టూ తిరిగి ఆమె డబ్బు ఇప్పించాను. పిల్ల మళ్ళీ బడికి పోయింది, ఒక ఏడు వెనకబడి. అప్పుడే నేను నా మాట మార్చుకోవాల్సింది. మార్చుకోలేదు. ఎందుకంటే ఆ మాటతో వ్యాపారం నడుస్తోంది. నడుస్తున్నదాన్ని చెడగొట్టుకునే మనిషిని కాదు నేను. మీరు నాకన్నా తెలివిగా ఉండండి. అమ్మిన రోజే, ఏమైతే డబ్బు వస్తుందో, ఎవరి దగ్గరికి పోవాలో, ఇంట్లో ఇద్దరికి విడమరిచి చెప్పండి. వాళ్ళు మొహం మాడ్చుకున్నా సరే.

కొడుకులు, మనవలు

ఫ్యాక్టరీవాళ్ళ పిల్లలు చదువుకుని గుమాస్తాలు, టీచర్లు అయ్యారు. వాళ్ళ ఇళ్ళల్లో పుస్తెలు అద్దుకోవడాలు లేవు, పసుపు నీళ్ళు లేవు. ఫిబ్రవరి వస్తే చాలు, హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా అందరూ ఒకటే పాట. "ఆంటీ, ట్యాక్స్ ఎంత తగ్గుతది?" ఒక లెక్కల సారైతే సిగ్గు లేకుండా "నీ కమీషన్ల సగం నాకియ్యి, సంతకం పెడత" అన్నాడు. "మీరు ట్యూషన్ ఫీజుల సగం పిల్లలకు వాపస్ ఇస్తున్నరా సార్?" అన్నాను. పెట్టలేదు సంతకం. పోతే పోయాడు. నేను క్యాలెండర్ కూడా టైముకు కట్టినవాళ్ళకే ఇచ్చేదాన్ని.

మూడో తరం దగ్గర నాకు నోరు పడిపోయింది. ఉప్పల్ మెట్రో దగ్గర అపార్ట్‌మెంట్‌లో నా పాత కస్టమరు మనవడు, కంప్యూటర్ ఉద్యోగం, చిప్స్ తింటూ అడిగాడు. "అమ్మమ్మా, నేను చచ్చిపోతే మా అమ్మకు ఎంతొస్తది?"

"శివ శివా! గట్ల అనకు బిడ్డా" అని నేనే చెవులు మూసుకున్నాను.

వాడు ఆశ్చర్యంగా చూశాడు. "మరి ఇన్సూరెన్స్ అంటే అదే కదా?"

నా చాయ్ పూర్తికాకముందే వాడు ఫోన్లో ఇంకో కంపెనీ పాలసీ తీసుకున్నాడు. బతికుంటే పైసా తిరిగి రాదట, కట్టేది తక్కువట. నేను మెట్లు దిగుతూ వాళ్ళమ్మను తిట్టుకున్నాను, వాణ్ణి తిట్టుకున్నాను, ఫోన్‌ను తిట్టుకున్నాను. కోటేశ్వర్రావు సారును మాత్రం తిట్టుకోలేదు. తిట్టుకోవాల్సింది ఆయన్నే.

స్వప్న

నాచారం చౌరస్తాలో మందుల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని స్వప్న దిగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. దవాఖానా ఖర్చుల పాలసీలు, నెలనెలా కట్టే ఫండ్లు అమ్మేది. స్కూటీ ఉండేది. నేను ఆటో పైసలు మిగుల్చుకోవడానికి నాచారం నుంచి ఉప్పల్ దాకా నడిచేదాన్ని. ఆ పిల్ల నన్ను దాటుకుంటూ "పెద్దమ్మా, ఎక్కుతరా?" అనేది. ఎక్కేదాన్ని కాదు. ఆ మర్యాదే నాకు మంట.

స్కూటీ ఒక్కటైతే ఎట్లనో ఓర్చుకునేదాన్ని. అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడుతుంటే ఒకసారి వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. క్యాన్సర్ వస్తే, గుండెపోటు వస్తే, కిడ్నీ పోతే అని కూరగాయల పేర్లు చెప్పినట్టు చెప్తోంది. ఆడవాళ్ళు తలలూపుతూ రాసుకుంటున్నారు. ఒక్కరూ పుస్తెలు ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు నేను ఏ మాట చుట్టూ ప్రదక్షిణలు చేశానో, ఆ మాటను ఈ పిల్ల ఇంటి నడుమ పెట్టి చాయ్ తాగుతోంది. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. కోడలు ఏమైందని అడిగితే పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఒక మధ్యాహ్నం రెండో పాలసీ రసీదు ఇవ్వడానికి రాజమణి ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు ఎత్తు మడమల చెప్పులు. లోపల నా పీట మీద స్వప్న. నన్ను చూసి లేచింది.

"రాండి పెద్దమ్మా, కూసోండి."

"ఎవరింట్ల ఎవరు ఎవర్ని కూసోమంటున్నరు?" అన్నాను.

రాజమణి నవ్వింది. "అబ్బ, ఇద్దరు కూసోండ్రి. నా ఇల్లేమన్న అసెంబ్లీనా?"

స్వప్న తన మాట ఆపలేదు. "ఆంటీ, అంకుల్ ఫ్యాక్టరీ మూతపడ్డంక మీకు ఈఎస్ఐ లేదు. తెల్లకార్డు లేదు. నరేష్ మొబైల్ షాపుల పని, వాళ్ళు ఏమీ ఇయ్యరు. రేపు అంకుల్‌కు గుండెపోటొస్తే ఏం జేస్తరు? ఆ జాగ అమ్ముకుంటరు. అది అమ్ముకోకుండ ఉండెటందుకే ఇది."

నేను పసుపు నీళ్ళ కోసం చూశాను. రాజమణి మాత్రం, "అవ్ బిడ్డా, మా మరిదికి గట్లనే అయింది" అన్నది. స్వప్న రేపు ఫారం తెస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల పీట మీద వదిలి వెళ్ళిన కరపత్రం నేను చదివాను. మంచి పాలసీ. మల్లేశ్ ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడని, అతని వెనక ఏ ఆసరా లేదని నాకు తెలుసు. అన్నీ తెలిసే నోరు తెరిచాను.

"మంచిగున్న మనిషిని దవాఖానా మంచం మీద పండబెట్టి పోయింది. అదొక నోరేనా? ఇన్నేండ్లల్ల నీ ఇంట్ల నేను ఎన్నడన్న గసొంటి మాట అన్ననా?"

"అనలే."

"ఫారంల రోగాల పేర్లు రాసి సంతకం పెట్టుడంటే, వాటిని ఇంటికి పిలుసుడే. నీ ఇష్టం మరి."

రాజమణి చేతిలోని ఫాల్ పక్కన పెట్టింది. "సరే తియ్యి అక్కా. నువ్వు వద్దంటే వద్దు."

ఆ రోజు ఇంటికి ఆటోలో వచ్చాను. నాకు అది పండగ ఖర్చు.

జాగ పోయిన సంగతి

ఎనిమిది నెలలకు మల్లేశ్ పిల్లల్ని బడి దగ్గర దించి, వ్యాను పక్కకు ఆపి, స్టీరింగు మీద పడిపోయాడు. పెద్ద ప్రైవేటు దవాఖానాలో చేర్చారు. గుండెకు రెండు చోట్ల స్టెంట్లు వేశారు, ఆపైన నిమ్ము చేసి మరో పది రోజులు పట్టింది. మనిషి దక్కాడు. జాగ అమ్మారు. తొందరలో అమ్మే జాగకు ఏ ధర వస్తుందో మీకు చెప్పనక్కరలేదు.

నేను బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. రాజమణి బెంచీ మీద కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుని, "మంచిగ కట్టిచ్చినవ్ అక్కా ఆ పాలసీ. జాగ ఉన్నది గాబట్టి మనిషి బతికిండు" అన్నది. ఆ మాటకు నేను చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు. ఏడాది విప్పలేదు. ఈ వృత్తిలో నేను చేసిన తప్పుల్లో మొదటిది ఆ రోజు అన్న మాట, రెండోది ఆ ఏడాది మౌనం. రెండోదే పెద్దది.

నరేష్‌కు పెళ్ళయింది. కోడలికి నెల తప్పింది. రాజమణి మా ఇంటికి వచ్చి, "అక్కా, పిల్లలిద్దరికి దవాఖానా పాలసీ తియ్యాలె. నువ్వు ఏది చెప్తె అది" అన్నది.

అప్పటికి మా కంపెనీ కూడా అలాంటిది ఒకటి తెచ్చింది. స్వప్న అమ్మేదాని కన్నా నాసిరకం. పుట్టబోయే పిల్ల ఖర్చు అందులో లేదు. ఫారం నా సంచీలోనే ఉంది. ఒక్క సంతకం పెట్టిస్తే రాజమణి మళ్ళీ నాదే. చెయ్యి సంచీ దాకా పోయింది కూడా.

అక్కడ ఆగి చెప్పేశాను. స్వప్న పాలసీ మంచిదని తెలిసే వద్దన్నానని, ఆ పిల్ల మీద కుళ్ళుతో అన్నానని, రోగాన్ని ఇంటికి పిలవడమన్నది నేను కల్పించిన మాటేనని, జాగ నా నోటి వల్లే పోయిందని. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని తల వంచుకుని కూర్చున్నాను.

"నాకెర్కనే" అన్నది రాజమణి.

"ఏమెర్క?"

"కుళ్ళుతోని అంటున్నవని. ఆ పిల్ల ముంగట నీ మొఖం జూసిన గద. మాడిన రొట్టె లెక్క అయింది. చంటిపిల్లకు గూడ సమజైతది."

"మరి ఎందుకిన్నవే నా మాట?"

చీర కొంగు మెలిపెట్టింది. "ఏం జెప్పాలె అక్కా... మా అమ్మగారింట్ల నలుగురు ఆడపిల్లలు, నేను మూడోదాన్ని. నేను ఉన్ననో లేనో అన్నం గిన్నెకు గూడ తెల్వదు. ఈయన వచ్చింది మా అక్కను జూడనీకి. ఆమె వద్దన్నదని నన్ను జేసుకున్నడు. నా కోసం ఇద్దరు కొట్లాడుకునుడు నా జన్మల అదొక్కసారే. నువ్వు గట్ల మండిపోతుంటే నాకు మస్తు సంబురమైంది. నిన్నే గెలిపియ్యాలనిపిచ్చింది." కొంచెం నవ్వింది. "నూరు గజాలు పెట్టి గెలిపిచ్చిన." ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది.

పిల్లలూ, ముప్పై ఏళ్ళు నేను అనుకున్నది ఏమిటంటే, జనం సంతకం పెట్టేది పిల్ల పెళ్ళికి, ఇంటికి, ట్యాక్సుకు, పక్కింటి ఆమె మీద పోటీకి. నెలనెలా ఒక మనిషి తన కోసం నడిచి వస్తుందని, తనను పోగొట్టుకోవడానికి ఇష్టపడదని కూడా సంతకం పెడతారని నాకు తెలియదు. తరాలు మారి కొందరికి అది అక్కరలేకపోయింది, ఫోనుతో సరిపెట్టుకుంటున్నారు. అక్కరున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు మీ మొహం చూసి తమకు నష్టమైనదానికి కూడా ఒప్పుకుంటారు. నేను ఒప్పించాను. మీరు ఆ పని చెయ్యకండి. ఇంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు.

మర్నాడు నేనే రాజమణిని స్వప్న ఆఫీసుకు తీసుకుపోయాను. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. నరేష్, కోడలు వచ్చి కూర్చున్నారు. స్వప్న ఒక్కొక్క రోగం పేరు చదువుతుంటే రాజమణి, "ఉన్నయన్ని రాయి బిడ్డా, ఏదీ దాయకు" అంటోంది. పాత సంగతి ఆ పిల్లకు తెలుసో లేదో, ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తితే జగడం పెట్టుకుని తేలికపడేదాన్ని. అదీ దక్కనియ్యలేదు.

సంతకాలయ్యాక నరేష్‌వాళ్ళు వెళ్ళిపోయారు. స్వప్న తన కుర్చీ రాజమణి దగ్గరికి జరుపుకుంది. ఏదో అడిగింది. రాజమణి వాళ్ళ అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఇరవై రెండేళ్ళు పట్టిన కథ అది, ఆ పిల్లకు పదినిమిషాల్లో దొరికింది. నా చాయ్ చల్లారిపోయింది. పారబోసే అలవాటు లేదు కాబట్టి తాగేసి లేచాను.

"పోదామా రాజమణీ?"

ఆమె తల తిప్పకుండానే అన్నది. "నువ్వు పో అక్కా. నేను జరసేపు ఈడ కూసోని వస్త."